ఎల్విస్‌కు ఇవ్వని సగం వాటా: డాలీ పార్టన్ పాటలు, వాటి మీద హక్కులు

అమెరికాలో కంట్రీ పాటలు, అంటే అక్కడి పల్లెల్లో, కొండల్లో పుట్టిన ధోరణి పాటలు, రాసి పాడే డాలీ పార్టన్ గురించి ఎక్కువగా చెప్పుకునే కథ ఒకటుంది. ఆమె రాసిన 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' పాటను ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడని, ఆమె వద్దందని. ఇందులో సగమే నిజం. ఎల్విస్ పాడతానన్నాడు. ఆమె మాత్రం వద్దనలేదు. ఆ కబురు తెలిసి సంతోషం పట్టలేక కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. తీరా రికార్డింగ్ దగ్గర పడ్డాక ఎల్విస్ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి ఒక షరతు పెట్టాడు. ఎల్విస్ పాడాలంటే ఆ పాట పబ్లిషింగ్‌లో సగం తమకు రాసివ్వాలి. అప్పటికే ఆ పాట డాలీ గొంతులో 1974లో కంట్రీ చార్ట్, అంటే ఆ హిట్ పాటల పట్టిక, మొదటి స్థానానికి చేరింది. ఆ సగం ఇవ్వనని ఆమె చెప్పేసింది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకుంది.

'పబ్లిషింగ్‌లో సగం' అంటే ఏమిటో తెలియకపోతే డాలీ పార్టన్ జీవితం సగమే అర్థమవుతుందని నా నమ్మకం. పెద్ద విగ్గు, మెరిసే గౌన్లు, చెరగని నవ్వు, పేదింట్లో పుట్టి కోట్లకు ఎదగడం, ఇవన్నీ అందరికీ కనబడతాయి. వాటి వెనక ఆరు దశాబ్దాలుగా ఆమె తన పాటల కాగితాలను ఎంత జాగ్రత్తగా కాపాడుకుందో అంతగా కనబడదు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

ఒక పాట, రెండు ఆస్తులు

మనం వినే ప్రతి రికార్డులోనూ చట్టం దృష్టిలో రెండు వేర్వేరు ఆస్తులుంటాయి. మొదటిది పాట. అంటే సాహిత్యం, బాణీ. ఇది రాసినవాళ్ళది, వాళ్ళు ఎవరికైనా హక్కు ఇస్తే వాళ్ళది. రెండోది ఆ పాటను ఒక స్టూడియోలో, ఒక రోజు, ఒక గొంతు పాడగా తీసిన రికార్డింగ్. దీన్నే మాస్టర్ అంటారు. ఇది సాధారణంగా రికార్డు కంపెనీ చేతిలో ఉంటుంది. ఒకే పాటను పదిమంది పాడితే రికార్డింగులు పది, పాట ఒక్కటే. ఎవరు పాడిన రికార్డు అమ్ముడైనా పాట యజమానికి కొంత వెళ్తుంది.

ఈ తేడా ఇటీవల పాప్ గాయని టేలర్ స్విఫ్ట్ వల్ల చాలామందికి తెలిసింది. ఆమె తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు 2019లో వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. పాటలు రాసిన హక్కు మాత్రం తనదే. వాటిలో చాలా పాటలను మళ్ళీ పాడి కొత్త రికార్డింగులు తయారు చేసుకుంది. పాత మాస్టర్లను 2025లో కొనుక్కుంది. రాసినవాళ్ళు కాకుండా కేవలం పాడినవాళ్ళయితే ఆ పోరాటంలో చేతిలో ఇంత బలం ఉండేది కాదు.

పాట మీద వచ్చే డబ్బును పరిశ్రమ మామూలుగా రెండు భాగాలు చేస్తుంది. సగం రచయితది, సగం పబ్లిషర్‌ది. పబ్లిషర్ అంటే పాటకు కాపీరైట్ కాగితాలు చూసుకుని, దాన్ని గాయకుల దగ్గరకు చేర్చి, డబ్బు వసూలు చేసే కంపెనీ. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌కు వచ్చే కుర్ర రచయితలు చాలామంది తమ పబ్లిషింగ్‌ను ఎవరో ఒకరికి అప్పగించేవాళ్ళు. డాలీ కూడా మొదట కంబైన్ అనే పబ్లిషింగ్ కంపెనీకి పాటలు రాసిచ్చింది. కానీ త్వరలోనే తన మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి ఓ-పార్ అనే సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. ఓవెన్స్, పార్టన్, ఆ రెండు ఇంటిపేర్ల మొదటి ముక్కలే ఆ పేరు.

ఇప్పుడు పార్కర్ అడిగినదేమిటో చూద్దాం. అమెరికా చట్టంలో 1909 నుంచి ఒక వింత వెసులుబాటు ఉంది. ఒక పాట ఒకసారి అనుమతితో రికార్డయి బయటికొచ్చాక, చట్టం నిర్ణయించిన రుసుము కడితే ఎవరైనా దాన్ని పాడి రికార్డు వేసుకోవచ్చు. విడిగా రచయిత అనుమతి అక్కర్లేదు. ఆ రుసుము 1909 నుంచి 1977 వరకూ ఒక్కో కాపీకి రెండు సెంట్లే. అంటే ఎల్విస్ కావాలనుకుంటే ఆ రెండు సెంట్లూ కట్టి పాడుకోవచ్చు, డాలీ ఆపలేదు. పార్కర్‌కు కావలసింది అనుమతి కాదు, ఆస్తిలో వాటా. ఎల్విస్ పాడితే రికార్డులు లక్షల్లో అమ్ముడవుతాయి కాబట్టి రచయితలు ఆ వాటా ఇచ్చి మరీ పాడించుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది.

ఇంకో సంగతి ఇక్కడే ఉంది. ఆ వాటా ఎల్విస్ పాడిన రికార్డుకే పరిమితమయ్యేది కాదు. పాట మీదే వాటా కాబట్టి ఆ తర్వాత ఎవరు పాడినా, ఎక్కడ మోగినా, కాపీరైట్ ఉన్నంత కాలం అందులోంచి కొంత అటు పోతూనే ఉండేది. అప్పటికి ఆమె వయసు ముప్పై కూడా నిండలేదు. ఎదురుగా ఉన్నది ప్రపంచంలోనే పెద్ద గాయకుడు. ఆ వయసులో ఆ మాట చెప్పగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కొండల్లో పుట్టిన పాటలకు ఎవరు యజమాని?

ఆమె జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కంట్రీ సంగీతం పుట్టుకలోనే ఈ కాగితాల గొడవ ఉంది.

1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే ఆయన విక్టర్ రికార్డు కంపెనీ తరఫున టెనసీ, వర్జీనియా సరిహద్దు ఊరు బ్రిస్టల్‌లో రికార్డింగ్ యంత్రాలు దించాడు. చుట్టుపక్కల కొండల్లోని గాయకులు ఆయన దగ్గరికి వచ్చి పాడారు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోజర్స్ వెలుగులోకి వచ్చింది అక్కడే. కంట్రీ సంగీత చరిత్ర చెప్పే ప్రతివాళ్ళూ బ్రిస్టల్ పేరు ఎత్తుతారు. కానీ పీర్ విక్టర్‌తో కుదుర్చుకున్న ఒప్పందం గురించి తక్కువగా మాట్లాడతారు. ఆయన పెద్ద జీతం అడగలేదు. దానికి బదులు, రికార్డు చేసిన పాటల కాపీరైట్లు తన చేతిలో ఉండాలన్నాడు. ఆ హక్కుల మీదే ఆయన పబ్లిషింగ్ వ్యాపారం పెరిగింది.

కార్టర్ కుటుంబంలో ఏ.పి. కార్టర్ ఊళ్ళూ కొండలూ తిరిగి పాత పాటలు సేకరించేవాడు. ఆయనతో పాటు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు తిరిగి, విన్న బాణీలను గుర్తుపెట్టుకుని వచ్చి వినిపించేవాడు. రికార్డుల మీద మాత్రం కార్టర్ పేరే పడింది. తరతరాలుగా అందరూ పాడుకుంటున్న పాట, ఒకరి పేరున రిజిస్టరయి, ఇంకొకరి కంపెనీకి ఆస్తి అయింది. ఎవరు పాడారన్న దానికంటే కాగితం మీద ఎవరి పేరుందన్నదే డబ్బును నడిపించింది. 1942లో రాయ్ అకఫ్, ఫ్రెడ్ రోజ్ కలిసి నాష్‌విల్‌లో అకఫ్-రోజ్ పబ్లిషింగ్ కంపెనీ పెట్టాక ఆ ఊరు పాటల రచయితల ఊరైంది. పేరుపొందిన కంట్రీ గాయకుడు హాంక్ విలియమ్స్ పాటలు ఆ కంపెనీవే.

డాలీ పుట్టింది ఆ కొండల్లోనే. 1946 జనవరి 19న తూర్పు టెనసీలోని సెవియర్ కౌంటీలో, ఒకే గది ఉన్న చెక్క ఇంట్లో. పన్నెండుమంది పిల్లల్లో నాలుగోది. పురుడు పోసిన డాక్టర్‌కు ఫీజు కింద నాన్న రాబర్ట్ లీ ఒక బస్తా మొక్కజొన్న పిండి ఇచ్చాడు. ఆయనకు చదవడం, రాయడం రాదు. మొదట్లో వేరేవాళ్ళ పొలాన్ని పాలుకు చేసేవాడు. తర్వాత చిన్న కమతం సంపాదించుకుని పొగాకు పండించాడు. అమ్మ ఏవీ లీ తన పెద్దల నుంచి వచ్చిన పాత కథాగీతాలు పాడేది. తాత ఊళ్ళో ప్రీచర్. మొక్కజొన్న కంకితో చేసిన బొమ్మ మీద డాలీ అయిదారేళ్ళ వయసులో పాట కట్టింది. దాన్ని కాగితం మీద పెట్టింది అమ్మే.

పొలం దున్నేవాడు వేరు, పొలం ఎవరిదో వాడు వేరు అన్న తేడా ఆ ఇంట్లో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. పంట బాగా పండినా వాటా ముందు యజమానికి పోతుంది. డాలీ తన పాటను ఒక పొలంలా చూసిందని, దాన్ని పాలుకు ఇవ్వడానికి ఆమెకు మనసొప్పలేదని నేను అనుకుంటాను. ఇది నా ఊహే. కానీ ఆమె తీసుకున్న పెద్ద నిర్ణయాలన్నీ ఆ ఊహకు అతికినట్టు సరిపోతాయి.

ఎనిమిదేళ్ళప్పుడు మేనమామ గిటార్ ఇప్పించాడు. పదేళ్ళప్పుడు నాక్స్‌విల్‌లో కాస్ వాకర్ అనే కిరాణా దుకాణాల యజమాని నడిపే కార్యక్రమంలో పాడింది. పదమూడేళ్ళకు నాష్‌విల్‌లోని పేరున్న కంట్రీ రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కింది. 1964లో హైస్కూల్ పూర్తయిన మర్నాడే బస్సెక్కి నాష్‌విల్ వెళ్ళిపోయింది. అక్కడ దిగిన రోజే, బట్టలు ఉతుక్కునే లాండ్రీ బయట కార్ల్ డీన్ పరిచయమయ్యాడు. రెండేళ్ళకు పెళ్ళి. పెళ్ళి వాయిదా వేసుకోమని రికార్డు కంపెనీ అంటే, నాష్‌విల్ పేపర్లలో పడకుండా పక్క రాష్ట్రం జార్జియాలోని రింగ్‌గోల్డ్‌కు వెళ్ళి చేసుకున్నారు. ఆయన తారు రోడ్లు వేసే వ్యాపారం చేసుకుంటూ, భార్య వేదికల వైపు దాదాపు రాకుండానే దాదాపు అరవై ఏళ్ళు కలిసి బతికాడు. 2025 మార్చిలో చనిపోయాడు.

పోర్టర్ వాగనర్ దగ్గర ఏడేళ్ళు

మాన్యుమెంట్ అనే రికార్డు కంపెనీ ఆమెను మొదట పాప్ గాయనిగా నిలబెట్టాలని చూసింది. అది కుదరలేదు. ఆమె రాసిన ఒక పాటను బిల్ ఫిలిప్స్ పాడగా 1966లో కంట్రీ చార్ట్‌లో హిట్టయింది. దాంతో కంపెనీ దారి మార్చుకుని ఆమెను కంట్రీ పాడనిచ్చింది. అంటే గాయనిగా ఆమెకు తలుపు తెరిచింది కూడా రచయిత్రి డాలీనే. చిత్రమేమిటంటే, 1967లో ఆమెకు పేరు తెచ్చిన తొలి పాట 'డంబ్ బ్లాండ్' ఆమె రాసింది కాదు, కర్లీ పట్మన్ రాసింది. బంగారు రంగు జుట్టు చూసి తనను తెలివితక్కువదని అనుకోవద్దని ఒక అమ్మాయి చెప్పే పాట అది.

అదే ఏడాది కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ ఆమెను తన టీవీ కార్యక్రమంలోకి తీసుకున్నాడు. కంట్రీ వినే ఇళ్ళన్నిటికీ చేరే కార్యక్రమం అది. అంతకుముందు అందులో పాడిన నార్మా జీన్ కావాలని జనం మొదట్లో అరిచేవాళ్ళు. కొత్తమ్మాయి నిలదొక్కుకునేలా పోర్టర్ ఆమెతో యుగళగీతాలు పాడాడు, ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో చేర్పించాడు. తర్వాత జరిగిన గొడవ వల్ల కొందరు ఆయన్ను పూర్తిగా దుర్మార్గుడిగా రాస్తారు. అది న్యాయం కాదు. ఆయన లేకపోతే ఆ ఏడేళ్ళలో ఆమె ప్రతి ఊరికీ తెలిసేది కాదు.

ఆమె గొప్ప పాటలు చాలావరకు ఆ కాలంలోవే. వాటి దగ్గర కాసేపు ఆగాలనుంది. 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' 1971లో వచ్చింది. పేలికలన్నీ కలిపి అమ్మ కోటు కుడుతూ బైబిల్లో యోసేపు రంగురంగుల అంగీ కథ చెబుతుంది. అది వేసుకుని గర్వంగా బడికి వెళ్తే పిల్లలు నవ్వుతారు. ఇది ఆమె ఇంట్లో జరిగిందే. పోర్టర్ బస్సులో వెళ్తూ, ఆయన సూటు డ్రై క్లీనింగ్ రసీదు వెనక రాసింది. పేదరికం గురించిన పాటలు చాలావాటిలో జాలి ఉంటుంది. ఇందులో జాలి లేదు. పిల్లలు ఎందుకు నవ్వుతున్నారో ఆ పాపకు నిజంగానే అర్థం కాదు, ఎందుకంటే ఆమె దృష్టిలో తనే అందరికంటే ధనవంతురాలు.

'జోలీన్' 1973 చివర్లో వచ్చింది. బ్యాంకులో పనిచేసే ఎర్రజుట్టు అమ్మాయి ఒకామె తన భర్త మీద చూపించిన ఆసక్తి నుంచి ఈ పాట పుట్టిందని డాలీ చెప్పింది. ఆటోగ్రాఫ్ కోసం వేదిక దగ్గరికొచ్చిన ఒక చిన్నపాప పేరు జోలీన్. ఆ పేరు బాగుందని పాటలో పెట్టుకుంది. భర్తను ఎగరేసుకుపోయే శక్తి ఉన్న ఆడదాన్ని తిట్టడం తేలిక. ఈ పాటలో భార్య ఆమెను తిట్టదు, ఆమె అందాన్ని పొగుడుతూ బతిమాలుతుంది. ఆ నిస్సహాయతే పాటకు ప్రాణం. సంగీతం కూడా కొండల్లోని పాత కథాగీతాల ధోరణిలో, ఆగకుండా పరుగెత్తే గిటార్ మీద నడుస్తుంది. ఆ పాత గీతాల మీద పేర్లు లేవు. దీని మీద ఉంది.

1974లో ఆమె పోర్టర్ కార్యక్రమం వదిలేసింది. వెళ్తానంటే ఆయన వినలేదు, వాదనలు పెరిగాయి. చెప్పినా వినడం లేదని ఒక పాట రాసి మర్నాడు ఆయన ముందు పాడింది. అదే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు'. అందరూ ప్రేమ విఫలమైన జంట పాట అనుకుంటారు, కానీ అది గురువులాంటి మనిషి దగ్గర సెలవు తీసుకునే పాట. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆ పాటను నేనే రికార్డు చేయిస్తానంటే వెళ్ళిపో అన్నాడట.

అంత మంచి వీడ్కోలు అక్కడితో ఆగలేదు. 1979లో పోర్టర్ ఒప్పందం ఉల్లంఘించిందంటూ ముప్పై లక్షల డాలర్లకు దావా వేశాడు. కోర్టు బయట రాజీ అయింది, ఆమె పెద్ద మొత్తమే చెల్లించింది. కానీ పాటలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. తర్వాతి ఏళ్ళలో ఇద్దరూ మళ్ళీ కలిశారు. 2007లో ఆయన చివరి రోజుల్లో ఆమె ఆయన పక్కనే ఉంది.

విట్నీ పాడితే డాలీకి ఏమొచ్చింది?

1992లో 'ది బాడీగార్డ్' సినిమా కోసం పాట వెతుకుతుంటే హీరో కెవిన్ కాస్ట్‌నర్ 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యు' సూచించాడు. గాయని లిండా రాన్‌స్టాట్ 1975లో పాడిన రికార్డును ఆధారం చేసుకుని నిర్మాత డేవిడ్ ఫోస్టర్ కొత్తగా కట్టాడు. ఆ సినిమా కథానాయిక, గాయని విట్నీ హ్యూస్టన్ వాద్యాలేవీ లేకుండా ఒంటరి గొంతుతో మొదలుపెట్టి పాడిన ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 చార్ట్‌లో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

డబ్బు ఎలా నడిచిందో చూడండి. అమ్ముడైన ప్రతి కాపీకి పాట యజమానికి వెళ్ళే చట్టబద్ధమైన రుసుము 1992లో 6.25 సెంట్లు. పది లక్షల కాపీలకు 62,500 డాలర్లు. సింగిల్ విడిగా, సినిమా ఆల్బమ్ విడిగా లెక్క. ఆల్బమ్‌ను ఎవరు ఏ పాట కోసం కొన్నా ఈ పాట వాటా ఈ పాటకు వస్తుంది. అమెరికాలోనే ఆ ఆల్బమ్ కోటిన్నరకు పైగా అమ్ముడైంది.

రేడియో సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే రచయితకు, పబ్లిషర్‌కు రాయల్టీ కట్టాలి. పాడినవాళ్ళకు, రికార్డు కంపెనీకి పైసా కట్టక్కర్లేదు. పాట వేయడమే రికార్డుకు ప్రచారం కదా అన్నది రేడియో స్టేషన్ల వాదన. దాదాపు మిగతా దేశాలన్నీ గాయకులకూ ఇస్తుంటే అమెరికా చట్టం ఇప్పటికీ మారలేదు. కాబట్టి విట్నీ గొంతు అమెరికన్ రేడియోల్లో మోగిన ప్రతిసారీ డబ్బు వెళ్ళింది విట్నీకి కాదు, డాలీకి. ఇది విట్నీకి జరిగిన అన్యాయమేనని నా అభిప్రాయం. అయితే డాలీ ఆ చట్టం చేయలేదు. అది ఉన్న ప్రపంచంలో తన కాగితాలు తన దగ్గర పెట్టుకుంది, అంతే.

1990లలో ఆ పాట మీద ఆమెకు దాదాపు కోటి డాలర్లు వచ్చాయని ఫోర్బ్స్ అంచనా వేసింది. ఆ డబ్బులో కొంతతో నాష్‌విల్‌లో నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే ఒక ప్రాంతంలో కార్యాలయాల సముదాయం కొన్నానని, అది విట్నీ కట్టిన ఇల్లని అనుకుంటానని 2021లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పింది.

తెలుగువాళ్ళకు ఈ చిక్కుముడి కొత్తదేమీ కాదు. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికాలో కచేరీలు చేస్తున్నప్పుడు, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్ళింది. బాలు గారు ఆ విషయం ఫేస్‌బుక్‌లో చెప్పి, ఇక ఆయన పాటలు వేదిక మీద పాడబోమన్నారు. అప్పుడు జనం రెండుగా చీలిపోయారు. పాడి ప్రాణం పోసిన గాయకుడికి హక్కు లేదా అని కొందరు, బాణీ కట్టినవాడిది కాదా అని కొందరు. డాలీ కథలో ఉన్న ప్రశ్నే అది.

మన దేశంలో పరిస్థితి రచయితలకు ఇంకా గడ్డుగా ఉండేది. సినిమా కోసం డబ్బు తీసుకుని రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకూ హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నిర్మాత దాన్ని ఆడియో కంపెనీకి అమ్మేవాడు. కవికి మొదట ముట్టిన పారితోషికమే ఆఖరు. జావేద్ అఖ్తర్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దాని ప్రకారం సినిమా పాట థియేటర్ బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఉంటుంది. దాన్ని వదులుకుంటున్నామని కాగితం మీద రాయించుకున్నా చెల్లదు. ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది. ఎందుకంటే అవసరంలో ఉన్న కొత్త రచయిత చేత దేని మీదైనా సంతకం పెట్టించవచ్చు. డాలీ లాంటి గుండె ధైర్యం అందరికీ ఉండాలని కోరుకోవడం కంటే, అది లేనివాళ్ళను కూడా కాపాడే చట్టం మేలు.

పాప్ వైపు నడక, కొండల వైపు మళ్ళీ

పోర్టర్ దగ్గర్నుంచి బయటికొచ్చాక ఆమె చూపు పెద్ద శ్రోతల మీద పడింది. 1977లో 'హియర్ యు కమ్ అగైన్' పాప్ చార్ట్‌లోకి దూసుకెళ్ళింది. ఈ పాట బ్యారీ మాన్, సింథియా వైల్ రాసింది. కంట్రీ అభిమానులు దూరమవుతారేమోనని, దీంట్లో కంట్రీకి గుర్తులాంటి స్టీల్ గిటార్ తప్పకుండా వినబడాలని ఆమె పట్టుబట్టింది. కంట్రీని వదిలేస్తున్నావా అని అడిగినవాళ్ళకు, వదిలేయడం లేదు, నాతో తీసుకెళ్తున్నానని జవాబిచ్చింది.

1980లో జేన్ ఫోండా, లిలీ టామ్లిన్‌తో కలిసి 'నైన్ టు ఫైవ్' సినిమాలో నటించింది. 1973లో బోస్టన్‌లో ఆఫీసు ఉద్యోగినులు జీతాల కోసం, గౌరవం కోసం మొదలుపెట్టిన ఉద్యమం పేరే ఆ సినిమాకు పెట్టారు. షూటింగ్ మధ్యలో తన పొడవాటి గోళ్ళను ఒకదానికొకటి రాసి టైప్‌రైటర్ చప్పుడు చేస్తూ టైటిల్ పాట కట్టింది. అది కంట్రీ చార్ట్‌లోనూ పాప్ చార్ట్‌లోనూ మొదటి స్థానం, ఆస్కార్ నామినేషన్, రెండు గ్రామీలు తెచ్చింది. ఉత్సాహంగా చప్పట్లు కొట్టించే ఆ పాటలో చెప్పిందేమిటంటే, నువ్వు కష్టపడతావు, పేరు పై అధికారికి వెళ్తుంది, నీ ఆలోచన నీది కాకుండా పోతుంది. ఆమె జీవితమంతా ఎదిరించింది దీన్నే.

1983లో కెన్నీ రోజర్స్‌తో పాడిన 'ఐలండ్స్ ఇన్ ద స్ట్రీమ్' పెద్ద హిట్టయినా, ఆ దశాబ్దం మధ్యకు ఆమె రికార్డుల ఊపు తగ్గింది. ఆర్‌సీఏతో బంధం తెగింది. అదే సమయంలో, 1986లో, సొంత జిల్లాలోని పిజన్ ఫోర్జ్‌లో అప్పటికే ఉన్న ఒక వినోద పార్కులో భాగస్వామిగా చేరి దానికి డాలీవుడ్ అని పేరు పెట్టింది. లాయర్లు, అకౌంటెంట్లు వద్దన్నారని, అప్పుడు వాళ్ళనే మార్చేశానని చెబుతుంది. ఇవాళ ఆ చుట్టుపక్కల వేలమందికి అదే జీవనాధారం. కంట్రీ రేడియో వయసు మళ్ళిన గాయనుల్ని పక్కన పెట్టేసిన 1990ల చివర్లో ఆమె చిన్న కంపెనీ షుగర్ హిల్‌తో కలిసి 1999లో 'ద గ్రాస్ ఈజ్ బ్లూ' అనే బ్లూగ్రాస్ ఆల్బమ్ చేసింది. బ్లూగ్రాస్ అంటే తీగ వాద్యాల మీద నడిచే కంట్రీ శాఖ. బాంజో, ఫిడిల్, మాండలిన్ మధ్య ఆమె గొంతు ఎంత స్వేచ్ఛగా ఉంటుందో వినాలంటే మొదట ఇది వినమని ఎవరికైనా చెబుతాను.

హక్కుల మీద వచ్చిన డబ్బే ఆమెకు పాటల బయట పనిచేసే వీలిచ్చింది. చదువురాని నాన్నను తలుచుకుని 1995లో సెవియర్ కౌంటీలో ఇమాజినేషన్ లైబ్రరీ మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి అయిదేళ్ళు వచ్చేవరకూ పిల్లలకు నెలకో పుస్తకం పోస్టులో ఉచితంగా వస్తుంది. అయిదు దేశాలకు పాకిన ఆ పథకం ఇప్పటిదాకా 20 కోట్లకు పైగా పుస్తకాలు పంపింది. 2016లో గాట్లిన్‌బర్గ్ కార్చిచ్చులో ఇళ్ళు పోయిన కుటుంబాలకు నెలకు వెయ్యి డాలర్ల చొప్పున సాయం అందేలా చూసింది. 2020లో కోవిడ్ పరిశోధనకు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి పది లక్షల డాలర్లిచ్చింది. మోడెర్నా వ్యాక్సిన్ పరిశోధన పత్రంలో సాయం చేసినవాళ్ళ జాబితాలో ఆ నిధి పేరుంది.

ఆమెను దేవతను చేసి కూర్చోబెట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఆమె పేరుతో నడిచే విందు ప్రదర్శన ఒకటి అమెరికా అంతర్యుద్ధాన్ని సరదా పోటీలా చూపిస్తూ, బానిసత్వం ఊసెత్తేది కాదు. దాని పేరులో దక్షిణాది వైభవాన్ని గుర్తుచేసే 'డిక్సీ' అనే మాట ఉండేది. విమర్శలు వచ్చాక 2018లో దాన్ని తీసేశారు. ఆ మాట కొందరికి నొప్పి కలిగిస్తుందని తెలిశాక ఉంచాల్సిన పనిలేదని తర్వాత చెప్పింది. రాజకీయాల గురించి నేరుగా మాట్లాడదు. అన్ని వైపులవాళ్ళూ ఆమెను తమ మనిషే అనుకోవడానికి అదొక కారణం. ఆ మౌనం అన్ని సందర్భాల్లోనూ సరైనదని నేను అనుకోను.

ఈ మధ్య పాటల హక్కులను ఒకేసారి అమ్మేయడం పెద్ద వ్యాపారమైంది. బాబ్ డిలన్ 2020లో తన పాటల పబ్లిషింగ్‌ను యూనివర్సల్‌కు అమ్మాడు. మరుసటి ఏడాది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ సోనీకి అమ్మాడు. డాలీ పాటల విలువ దాదాపు 15 కోట్ల డాలర్లని 2021లో ఫోర్బ్స్ లెక్కగట్టింది. అప్పటికీ అవి ఆమె చేతిలోనే ఉన్నాయి.

హక్కు ఉండటం వల్ల డబ్బే కాదు, మాట చెల్లుబాటు కూడా ఉంటుంది. రుసుము కట్టి ఎవరైనా పాడుకోవచ్చన్న ఆ పాత వెసులుబాటు పాటను పాటగా పాడటానికే పనికొస్తుంది. సాహిత్యం మార్చాలంటే యజమాని ఒప్పుకోవాల్సిందే. 2024 మార్చిలో నల్లజాతి గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' ఆల్బమ్‌లో 'జోలీన్' పాడినప్పుడు సాహిత్యం చాలా మార్చేసింది. బతిమాలే భార్య అక్కడ లేదు, ఆమె జోలీన్‌ను గట్టిగా హెచ్చరిస్తుంది. యాభై ఏళ్ళ కిందటి పాటను తలకిందులు చేసిన ఆ మార్పును డాలీ అడ్డుకోకపోగా, పాటకు ముందు తన గొంతుతో నాలుగు మాటలు చెప్పి దగ్గరుండి అప్పగించింది. బిల్‌బోర్డ్ కంట్రీ ఆల్బమ్‌ల చార్ట్‌లో ఒక నల్లజాతి మహిళ మొదటి స్థానానికి చేరడం ఆ ఆల్బమ్‌తోనే మొదటిసారి.